ఎన్‌క్రిప్షన్ తీసేద్దామని కూర్చుని రెండు ఫ్లాగులతో సరిపెట్టుకున్నా: మూడేళ్ల అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో ముగ్గురం, ముగ్గురివీ లైనక్స్ ల్యాప్‌టాప్‌లే. డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ తాళం (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా) వేసింది మాత్రం నేనొక్కణ్ణే. "హ్యాండ్‌బ్రేక్ తీయకుండా బండి తోలుతున్నావు రా" అని రూమ్మేట్ వెక్కిరించేవాడు. వాడికేం, ఎక్కడికీ కదలడు. నేను నెలకు రెండుసార్లు శుక్రవారం రాత్రి టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సెక్కి ఒంగోలు పోతాను. పై బెర్తులో నేను గుర్రు పెడుతుంటే బ్యాగ్ ఎవరి కాళ్ల దగ్గర ఉంటుందో ఎవరికి తెలుసు? అందుకే లక్స్ (లైనక్స్‌లో డిస్క్‌కు వేసే ఈ తాళం పద్ధతి) వదల్లేదు.

కానీ వాడి మాటలో కొంత నిజముంది. ఎస్పీ రోడ్డులో బేరమాడి 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) కొని వేశాక కూడా, పెద్ద వర్చువల్ మెషీన్ ఫైల్ కాపీ పెడితే చాలు, బ్రౌజర్‌లో ట్యాబ్ మారడానికి రెండు మూడు సెకన్లు పట్టేది. డాకర్ ఇమేజ్ దిగుతుంటే పాట తెగి తెగి వచ్చేది. తప్పంతా ఏఈఎస్‌దే (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే లెక్క) అనుకున్నా. తీరా లక్స్‌ను నడిపే కమాండ్ క్రిప్ట్‌సెటప్‌తో 'క్రిప్ట్‌సెటప్ బెంచ్‌మార్క్' అనే వేగ పరీక్ష కొట్టి చూస్తే ఏఈఎస్-ఎక్స్‌టీఎస్ సెకనుకు రెండు వేల ఎంబీ దాటుతోంది. ప్రాసెసర్‌లోనే ఏఈఎస్ సూచనలు ఉన్నాయి కదా మరి. ఆ పరీక్ష మెమరీలోనే జరుగుతుంది, డిస్క్‌ను ముట్టుకోదు. అంటే తాళం తిప్పడానికి టైమ్ పట్టడం లేదు, ఇంకెక్కడో పోతోంది.

మన దర్శిని హోటల్ (టోకెన్ తీసుకుని నిలబడి తినే చోటు) గుర్తుతెచ్చుకోండి. కాఫీ పోయడానికి పది సెకన్లే, టైమంతా లైన్లకే. ముందు టోకెన్ లైను, తర్వాత కాఫీ లైను. కెర్నెల్‌లో (లైనక్స్ గుండెకాయ) ఎన్‌క్రిప్షన్ పని చూసే డీఎం-క్రిప్ట్ తీరూ అదే. రాయాల్సిన డేటా ముందు ఒక వర్క్‌క్యూలోకి (పనుల లైను) వెళ్లి ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఆపైన ఇంకో థ్రెడ్ దాన్ని సెక్టార్ వరుసలో పేర్చి డిస్క్‌కు పంపుతుంది. చదివేటప్పుడూ డిస్క్ నుంచి వచ్చింది క్యూలో ఆగి డీక్రిప్ట్ అవ్వాలి. తిరిగే హార్డ్ డిస్క్ కాలంలో ఈ పేర్పుకి అర్థం ఉంది, ఎందుకంటే హెడ్ అటూ ఇటూ పరుగులు పెట్టే పని తగ్గుతుంది. మైక్రోసెకన్లలో జవాబిచ్చే ఎన్‌వీఎంఈకి ఇదంతా ఉత్త నిరీక్షణ. క్లౌడ్‌ఫ్లేర్ ఇంజనీర్ ఇగ్నాట్ కొర్చాగిన్ 2020లో ఈ సంగతి తవ్వి తీసి ప్యాచ్ రాశారు. అది అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన 5.9 కెర్నెల్‌లో చేరింది. కమాండ్‌కి జోడించే ఆప్షన్లు, అంటే రెండు ఫ్లాగులు: నో రీడ్ వర్క్‌క్యూ, నో రైట్ వర్క్‌క్యూ. పేర్లు చూస్తేనే పని తెలుస్తుంది.

పెట్టడానికి రీబూట్ కూడా అక్కర్లేదు. 'క్రిప్ట్‌సెటప్ రీఫ్రెష్' కమాండ్‌కి ఈ రెండూ జోడించి పాస్‌వర్డ్ కొడితే అంతే. లక్స్2 (లక్స్ కొత్త వెర్షన్) అయితే 'పర్సిస్టెంట్' అని కూడా చేరిస్తే హెడర్‌లోనే (డిస్క్ మీద సెట్టింగులుండే చోటు) రాసుకుంటుంది, ప్రతి బూట్‌లోనూ దానంతటదే వస్తుంది. అదే సాయంత్రం అదే ఫైల్ మళ్లీ కాపీ పెట్టి ట్యాబులు మార్చి చూశా. వెంటనే మారాయి. కాపీ పూర్తయ్యే టైమ్‌లో పెద్ద తేడా లేదు, నిజం చెప్పాలి. తేడా అంతా మధ్యలో మిగతా పనులు బిగుసుకుపోకపోవడంలోనే. మూడేళ్లయింది, ఒక్క ఫైల్ చెడలేదు.

ఒక్కచోట మాత్రం నా చేతులు నేనే కాల్చుకున్నా. అంతకుముందు డిస్కార్డ్ ఫ్లాగ్ ఆన్ చేసి ఉంచుకున్నా, ఎస్ఎస్‌డీకి ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లు ఏవో చెప్పే సందేశం) వెళ్లాలని. 'పర్సిస్టెంట్' పాతవాటికి కొత్తవి కలపదు, ఆ కమాండ్‌లో ఇచ్చినవే ఉంచి మిగతావి తుడిచేస్తుంది. డిస్కార్డ్ ఎగిరిపోయింది. వారం వారం నడిచే ట్రిమ్ టైమర్ కూడా నోరెత్తలేదు, సపోర్ట్ లేని డిస్క్‌ను గొడవ చేయకుండా దాటేయమని దానికి ముందే చెప్పి ఉంటుంది. ఎనిమిది నెలల తర్వాత ఎందుకో చేత్తో ట్రిమ్ పంపే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండ్ కొడితే 'ఈ ఆపరేషన్‌కు సపోర్ట్ లేదు' అంది. అప్పుడు తల పట్టుకున్నా. మీరు చేసేటప్పుడు ముందు 'క్రిప్ట్‌సెటప్ స్టేటస్'లో ఏ ఫ్లాగులున్నాయో చూసి, అన్నీ కలిపి ఇవ్వండి.

సెక్టార్ సైజు (ఒక్కో ముక్కగా ఎన్‌క్రిప్ట్ అయ్యే డేటా) కూడా 512 బైట్ల నుంచి 4096కి మార్చా. నాది పాత ఫార్మాట్, అందుకు మొత్తం రీఎన్‌క్రిప్ట్ చేయాల్సి వచ్చింది. ఒక ఆదివారం బ్యాకప్ తీసుకుని, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి మొదలుపెడితే మధ్యాహ్నం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉంది కాబట్టి సరిపోయింది గానీ ఆ గంటసేపు పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. లాభం? ఫ్లాగులతో వచ్చినంత కనిపించలేదు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లు మొదట్లోనే 4096 పెట్టుకుంటే మేలు, ఉన్నదాన్ని మార్చడానికి ఆదివారం తగలేసుకోనక్కర్లేదు.

ఉత్సాహం కొద్దీ 2 టీబీ బ్యాకప్ డిస్క్‌కి కూడా ఈ ఫ్లాగులు పెట్టి చూశా. అది తిరిగే డిస్క్. ఏమీ బాగుపడలేదు, చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో రాస్తుంటే గరగరమని ఎక్కువే కొట్టుకుంటున్నట్టు అనిపించింది. వారం చూసి తీసేశా. ఇప్పుడది పాత క్యూలతోనే నడుస్తోంది.