చేతులెత్తడమా, ఏకగ్రీవమా, చీటీయా: ఫ్లాట్ల అసోసియేషన్‌కు ఏది మేలు?

చెన్నైలో మన తెలుగువాళ్లు నలుగురున్న అసోసియేషన్‌లో జనరల్ బాడీ మీటింగు ఒక పట్టాన తెమలదు. మాటలెక్కువని కాదు (అదీ ఉందనుకోండి), రంగు నుంచి సెక్రటరీ దాకా అన్నింటికీ ఒకటే పద్ధతి వాడతాం.

గోడల రంగు లాంటివాటికి చేతులెత్తితే చాలు, అరగంటలో తేలిపోతుంది. డబ్బు దగ్గరే చిక్కు. కొత్త లిఫ్టుకు అందరూ సమానంగా కట్టాలని పై అంతస్తులవాళ్లు చేతులెత్తి గెలుస్తారు. కింది వాటావాళ్లు అప్పటికి నోరెత్తరు, ఆ నెల నుంచి మెయింటెనెన్స్ ఆపేస్తారు. ఇలాంటిచోట ముందు కాదన్నవాళ్ల కారణం అడిగి మినిట్స్‌లో రాయించి, కింది వాటాలకు కొంత తగ్గించి, ఆ తర్వాతే చేతులెత్తమనాలి. ఇంకో మీటింగు పడుతుంది, పడనివ్వండి.

ఏకగ్రీవమంటే మనకు మహా మోజు. ఊళ్లో పంచాయతీ ఏకగ్రీవమైతే ప్రభుత్వాలు నజరానాలూ ప్రకటించాయి. కానీ అందరి ఒప్పుదల అంటే ఒక్కడి చేతికి తాళం ఇవ్వడమే. తమిళనాడులో పాత ఫ్లాట్లు కూల్చి కట్టుకోవాలంటే ఒకప్పుడు ఓనర్లందరూ ఒప్పుకోవాల్సి వచ్చేది. అమెరికాలో ఉన్న ఒక్కాయన సంతకం పెట్టకపోతే మిగతావాళ్ల కాపురం పెచ్చులూడే స్లాబు కిందే. 2022 నాటి అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం దాన్ని మూడింట రెండు వంతులకు దించింది. నాకిది సబబనిపిస్తుంది. ఉన్న ఇల్లు కూల్చడానికి బొటాబొటి మెజారిటీ కూడా చాలదు మరి.

కమిటీ ఎంపికకైతే నేను చీటీ తీయడం వైపే. చెన్నైకి సుమారు 90 కి.మీ. దూరాన ఉత్తరమేరూరు వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పదో శతాబ్దపు పరాంతక చోళుడి శాసనాలున్నాయి. ఊరి కమిటీల కోసం 30 వాడల్లో అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, చిన్నపిల్లాడి చేత తీయించేవారు. పదవి ఏడాదే. గత మూడేళ్లలో చేసినవారికి మళ్లీ లేదు. లెక్క అప్పజెప్పనివాడితోపాటు అతని దగ్గరి బంధువులూ అనర్హులే! అయితే సొంత భూమి, సొంత ఇల్లు, వేదజ్ఞానం, 35-70 ఏళ్ల వయసు ఉన్నవాళ్ల పేర్లే కుండలోకి వెళ్లేవి. ఆ వడపోత మనకొద్దు, లెక్కల షరతు మాత్రం ఉండాలి. ఏళ్ల తరబడి ఒక్కరే సెక్రటరీగా పాతుకుపోయే బెడద తప్పుతుంది. ట్రెజరర్‌ను మాత్రం చీటీకి వదలకండి. లెక్కలు రాయడం వచ్చినవాళ్లను అడిగి, బతిమాలి ఒప్పించండి.