ఆరేళ్లుగా వెళ్తున్న మెక్సికన్ బేకరీ: పొద్దున్నే వెళ్లండి, కొవ్వు సంగతి అడగండి

మేముండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఇంటికి నాలుగు వీధుల అవతల చిన్న మెక్సికన్ బేకరీ ఉంది. వాళ్ల మాటలో పానదెరియా. ఆరేళ్లుగా దాదాపు ప్రతి శనివారం పొద్దున మా కాఫీ అక్కడే.

తలుపు పక్కనే గుండ్రటి పళ్లేలు, పట్టకార్లు పేర్చి ఉంటాయి. అద్దాల అరలు మనమే తెరిచి కావాల్సినవి ఏరుకోవాలి. మొదటిరోజు పట్టకారు చూసుకోక చెయ్యి పెట్టబోతే వెనకున్న పెద్దాయన గట్టిగా గొంతు సవరించుకున్నాడు. పేర్లు, ధరలు ఎక్కడా రాసి ఉండవు. కౌంటర్ దగ్గరావిడ పళ్లెం వంక ఓసారి చూసి ఎంతైందో చెప్పేస్తుంది. నన్ను 'మిహా' అని పిలుస్తుంది, మనవైపు 'అమ్మాయ్' అన్నట్టు.

నేను వెళ్లేది కొంచా కోసం. మెత్తటి బన్ను మీద మైదా, చక్కెర, కొవ్వు కలిపిన ముద్దను పల్చగా పరిచి, ఆల్చిప్ప గీతలు పెట్టి కాలుస్తారు. పేరుకు అర్థం కూడా ఆల్చిప్పే. మన గవ్వల్లాగా ఆకారాన్ని బట్టి వచ్చిన పేరన్నమాట. ఏడున్నరకి వెళ్తే అడుగు ఇంకా వెచ్చగా ఉంటుంది. తుంచగానే పైపెంకు పొడిపొడిగా రాలి చున్నీ అంతా గులాబీ రంగు. గులాబీది, తెల్లది పక్కపక్కన పెట్టుకుని తిన్నా నాకు తేడా తెలియలేదు, చాక్లెట్‌ది మాత్రం వేరు. సాయంత్రం ఆరింటికి కొన్నారంటే అదే కొంచా గట్టిపడి ఉంటుంది. కాఫీలో ముంచుకోవడం తప్ప దారి లేదు. వాళ్లూ ముంచుకునే తింటారులెండి.

మామూలు రోజుల్లో ఇక్కడి కాఫీ వేడినీళ్లకు కాస్త నయం. శని, ఆదివారాల్లో మాత్రం కఫె దె ఓయా పెడతారు. అంటే కుండ కాఫీ. దాల్చినచెక్క, పిలోన్‌సీయో అనే వాళ్ల బెల్లం వేసి కాస్తారు. కుండ పేరులోనే ఉంది, ఇక్కడ కాచేది పెద్ద స్టీలు గిన్నెలో. అందులో పాలు పోయరు. ఫిల్టర్ కాఫీ నాలుకకి అలవాటు కావడానికి నెల పట్టింది. చలికాలంలో దొరికే చంపుర్రాదో మొక్కజొన్న పిండి, చాక్లెట్ కలిపి కాచే జావ. ఒక కప్పు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు.

జనవరి 6కి రోస్కా అని ఉంగరంలాంటి పెద్ద బ్రెడ్డు చేస్తారు. లోపల చిన్న ప్లాస్టిక్ బొమ్మ దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెలు పెట్టాలి. అంటే మొక్కజొన్న పిండి ముద్దల్ని పొత్తుల్లో చుట్టి ఉడికించే వంటకం. ఆఫీసులో ఒకసారి నాకే వచ్చింది. అవీ ఆవిరి మీద ఉడికేవే కదా అని ఇడ్లీలు పట్టుకెళ్లి గట్టెక్కాను.

కార్డుతో కట్టాలంటే బిల్లు పది డాలర్లు దాటాలి, అందుకే అక్కర్లేనివి కూడా పళ్లెంలోకి వచ్చేస్తాయి. అసలు చిక్కు వేరే ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. కేకుల్లో గుడ్డు వరకు ఆవిడకి పర్లేదు, మాంసం ముట్టదు. "వెజిటేరియనేనా?" అని అడిగితే "మాంసం ఉండదు, మిహా" అన్నారు. అమ్మకి మర్రనీతో తెగ నచ్చింది. పంది ఆకారంలో ఉండే బెల్లం బిస్కెట్టు అది. "అచ్చం మన బెల్లం వాసనే" అంటూ రోజుకి రెండు తింది. ఆవిడ తిరిగి విజయవాడ వెళ్లిన నెలకి, వంటగది తలుపు తెరిచి ఉన్నప్పుడు 'మాంతేకా' అని రాసున్న బకెట్ కనిపించింది. ఉత్త మాంతేకా అంటే పంది కొవ్వు. పక్కన 'వెహెతాల్' అని ఉంటే వనస్పతి. కాబట్టి శాకాహారులు మాంసం ఉందా అని కాదు, మాంతేకా ఉందా అని అడగాలి. ఈ బేకరీలో కొంచాల్లో వనస్పతే వాడతారట, బిస్కెట్లలో కాదు.

అమ్మకి ఇంకా చెప్పలేదు. ఈసారి వచ్చేవాళ్లెవరితోనైనా ఆ పంది బిస్కెట్లు ఓ డజను పంపమని మొన్న కూడా ఫోన్లో అడిగింది.