పిల్లలతో బొమ్మ చేయాలంటే బంకమట్టి మేలా, చింతగింజల ముద్ద మేలా?

దసరా సెలవులు దగ్గరపడితే వరంగల్, హన్మకొండల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. కాగితం పూల సంగతీ, మైదాపిండి బొమ్మల సంగతీ కొందరు అడుగుతారు. కాగితంతో చేస్తే కత్తెర ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది, మైదా బొమ్మకు చీమలు పడతాయి. వాటిని పక్కన పెడదాం.

మట్టిలో ఉన్న సుఖం, తప్పు పోయినా భయం లేదు. ఏనుగు చేయబోతే పంది అయిందా, పిసికి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలకు ఇంతకన్నా మంచిది లేదు. అయితే చేనులోని నల్లరేగడి తేవద్దు. ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయి నెర్రెలు బారుతుంది. కుమ్మరి ఇంట్లో తొక్కి ఉంచిన మట్టి అడిగి తెచ్చుకుని, కిలోకు గుప్పెడు సన్న ఇసుక కలపండి. చెవులు, తోకలు ఊడకుండా ఉండాలంటే అతికే రెండు వైపులా పుల్లతో గీతలు గీసి, పలుచటి బురద పూసి నొక్కాలి. ఇంత చేసినా కాల్చని మట్టి చేయి జారితే ముక్కలే.

రెండోది చేర్యాలలో బొమ్మలు, మాస్కులు చేసే నకాషీ కళాకారుల పద్ధతి: కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముద్దతో మాస్కు ముఖం తీర్చడం. గింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి చేయాలి. గ్లాసు పొడిని ముందు చల్లటి నీళ్ళలో కలుపుకోవాలి, వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. మొత్తం ఐదారు గ్లాసుల నీళ్ళతో సన్నమంట మీద చిక్కబడేదాకా కలుపుతూ ఉడికించండి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం వేస్తారు. అది విషం, పిల్లలు ముట్టే ముద్దలో వేయనేవద్దు. రెండు రోజులకు సరిపడా మాత్రమే కాచుకుంటే చాలు.

రంపపు పొట్టును జల్లెడ పట్టి, ముందే నీళ్ళు చిలకరిస్తే దుమ్ము లేవదు. అంబలి పోస్తూ చపాతీ పిండిలా అయ్యేదాకా పిల్లలనే పిసకనివ్వండి. చిప్ప పీచు గీకి గరుకు కాగితంతో రుద్దడం మీ పని. నున్నటి చిప్పకు ముద్ద పట్టదు. ముందు అంబలి పూసి, దాని మీద ముద్ద పలుచగా పరచాలి. మందంగా పెట్టి ఎండలో ఉంచితే పైన ఎండి లోపల పచ్చిగానే ఉంటుంది, ముక్కు పక్కన పగులుతుంది. నీడన ఆరనివ్వాలి.

నా లెక్కలో మాస్కే మేలు, అదీ ఆరేళ్ళు దాటిన పిల్లలకు. ఆలస్యమవుతుందని చాలామంది దీన్ని వద్దంటారు. దాని గొప్పతనమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. మట్టితో ఆట గంటలో ముగుస్తుంది, ఎవరి ఫోను వాళ్ళు తీసుకుంటారు. మాస్కుకు ముద్ద ఒకరోజు, కళ్ళూ ముక్కూ మరునాడు, ఆరాక సుద్దపొడి కలిపిన అంబలి రెండు పూతలు, చివరగా రంగులు. బడి నుంచి రాగానే సంచి పడేసి "బాపూ, ముక్కు ఎండిందా?" అని వేలితో తట్టి చూసే పిల్ల, రోజూ మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంటుంది.

తెల్లపూత పూర్తిగా ఎండకముందు రంగు వేస్తే పెచ్చులుగా లేస్తుంది. గోరుతో గీస్తే పొడి రాలాలి, అప్పుడు కుంచె పిల్ల చేతికివ్వండి.