అమీర్‌పేట ఇంగ్లీష్ క్లాసులో ‘రోడ్లు’ బ్యాచ్: ఒక క్యాబ్ డ్రైవర్ రివ్యూ

నేను ఎయిర్‌పోర్ట్, హైటెక్ సిటీ వైపు క్యాబ్ నడుపుతాను. ఎక్కినవాళ్లలో సగం మంది డోర్ వేసేలోపే ఫోన్ మీటింగ్‌లో ఉంటారు. వాళ్ల నోట వచ్చేవన్నీ మా రోడ్ల మాటలే. రోడ్‌మ్యాప్, బాటిల్‌నెక్, ఫాస్ట్ ట్రాక్, డెడ్ ఎండ్, యూటర్న్. బయట కనిపించే రోడ్డుకీ ఆ మాటలకీ మాత్రం ఏ సంబంధం ఉండదు. ఇవేంటో సరిగ్గా తెలుసుకుందామని, మైత్రీవనం దగ్గర ఒక కోచింగ్ సెంటర్‌లో ఆదివారాలు నడిచే ‘రోడ్లు, దారులు’ ఇడియమ్స్ బ్యాచ్‌లో చేరాను. ఫీజు 2,500 రూపాయలు. తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు.

ముందు తిట్లు కానిచ్చేస్తా. మొదటి క్లాసు మొత్తం రోడ్ల రకాలే. ఇచ్చిన జిరాక్స్ కాగితాలు ఎక్కడో ఇంగ్లండ్ పిల్లల కోసం రాసినట్టున్నాయి. ‘అవెన్యూ: ఇరువైపులా చెట్లున్న విశాలమైన రోడ్డు’ అట. కొల్లూరు వైపు వెంచర్ల గేట్ల మీద అవెన్యూలు, బులవార్డ్‌లు బోలెడు ఉన్నాయి, లోపల మొక్కలు ఇంకా మోకాలెత్తు రాలేదు. మన ఊళ్లో అడ్రస్ చెప్పేది గుడి పక్క గల్లీ, చౌరస్తా దాటాక రెండో సందు అని. బంజారాహిల్స్‌లో అయితే రోడ్ నంబర్. మన అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, పక్కన సర్వీస్ రోడ్డు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 నుంచీ ఉంది. ఇన్ని ఉదాహరణలు పెట్టుకుని ఆ షీట్‌లో ఒక్కటీ వాడలేదు.

పైగా ‘ఫ్రీవే’ అంటే టోల్ లేని రోడ్డు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. క్లాసు తర్వాత డిక్షనరీ తిరగేస్తే రెండు అర్థాలున్నాయి. టోల్ లేకపోవడం ఒకటి. సిగ్నళ్లు, అడ్డంగా వచ్చే రోడ్లు లేకుండా, ఎక్కడంటే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీల్లేకుండా కట్టిన రోడ్డు ఇంకొకటి. ఆ రెండో లెక్కన టోల్ కట్టి వెళ్లే మన అవుటర్ కూడా ఫ్రీవేనే. డబ్బు తీసుకుని పాఠం చెప్పేవాళ్లు ఇంత మాత్రం చూసుకోవద్దా?

రెండో క్లాసు నుంచి రిటైర్డ్ లెక్చరర్ ఒక మేడమ్ వచ్చారు. అక్కణ్నుంచి కథ మారింది. ఆమె షీట్ పక్కన పెట్టేసి, ‘ఈ మాట మీరెక్కడ విన్నారు?’ అని ఒక్కొక్కరినీ అడిగారు. ‘బైపాస్’ దగ్గర క్లాసంతా లేచి మాట్లాడింది. మా ఇంట్లో బైపాస్ అంటే సూర్యాపేట బైపాస్ కాదు, మా మామయ్య గుండె ఆపరేషన్. ఊళ్లోకి పోకుండా పక్కనుంచి తిప్పిన రోడ్డు, మూసుకుపోయిన నాళాన్ని వదిలి రక్తానికి వేసిన కొత్త దారి, మేనేజర్‌ని దాటేసి నేరుగా పై ఆఫీసర్‌కి మెయిల్ పెట్టడం, మూడింటికీ అదే మాట. మూడోది చెప్పగానే ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు తల దించుకుని నవ్వుకున్నాడు.

‘టేక్ ద హై రోడ్’ అంటే ఎదుటివాడు ఎంత దిగజారినా మనం మర్యాద వదలకపోవడం. ‘ఫ్లైఓవర్ ఎక్కడమా మేడమ్?’ అని ఐఈఎల్‌టీఎస్‌కి చదువుతున్న ఒకమ్మాయి అడిగింది. కాదుగానీ ఆ డౌట్ రావడం సహజమే అని మేడమ్ ఓపిగ్గా విప్పి చెప్పారు. హై రోడ్, హై స్ట్రీట్, హైవే, వీటిలో ‘హై’ అంటే ముఖ్యమైన అనే అర్థం కూడా ఉందట. బ్రిటన్‌లో హై స్ట్రీట్ అంటే ఊళ్లో షాపులన్నీ ఉండే ప్రధాన వీధి. ‘హైవే రాబరీ’ మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు దారి దోపిడీ, ఇప్పుడు అడ్డగోలు రేటు. ఎయిర్‌పోర్ట్‌లో టీ ధర చూసిన ప్రతివాడికీ అర్థమవుతుంది.

‘మిడిల్ ఆఫ్ ద రోడ్’ దగ్గర నాకు పేచీ వచ్చింది. ఇంగ్లీషులో అది ఏ విషయంలోనూ అతి చేయకుండా మధ్యస్థంగా ఉండే మనిషికి వాడతారు. ఎర్రగడ్డ దగ్గర రోడ్డు మధ్యలో నిలబడి చూడండి, రెండు వైపులా హారన్లే. ఇది చెబితే మేడమ్ నవ్వి, అమెరికాలో కూడా అలా వెక్కిరించేవాళ్లున్నారు అన్నారు.

పుట్టుపూర్వోత్తరాల క్లాసు కొంచెం సాగింది. స్ట్రీట్ అనే మాట రాళ్లు పరిచిన దారి అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. రోడ్‌కి గుర్రం స్వారీ చేసే ‘రైడ్’తో చుట్టరికం. బులవార్డ్ ముచ్చట మాత్రం బాగా నచ్చింది. అది కోట బురుజుకి వాడే మాట నుంచి వచ్చిందట. పారిస్‌లో పాత కోట గోడలు తీసేసిన చోట చెట్లు నాటి, జనం నడిచేందుకు దారులు వేశారు. మన పాతబస్తీ చుట్టూ కూడా గోడ ఉండేది. 1908 మూసీ వరద దెబ్బతీసింది, మిగిలింది తర్వాత కూలగొట్టారు. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు నిలబడి ఉన్నాయి. గోడ పోయిన చోట మనకు బులవార్డ్ రాలేదు, ట్రాఫిక్ వచ్చింది.

వీధి పేర్ల వాడకం కూడా చెప్పారు. వాల్ స్ట్రీట్ అంటే అమెరికా షేర్ మార్కెట్ ప్రపంచం, మెయిన్ స్ట్రీట్ అంటే మామూలు జనం, చిన్న దుకాణాలు, డౌనింగ్ స్ట్రీట్ అంటే బ్రిటన్ ప్రభుత్వం. మనం గాంధీ భవన్ అంటే కాంగ్రెస్ అనుకోమూ? ఇంకా దగ్గరి ఉదాహరణ మేము కూర్చున్న చోటే. అమీర్‌పేట అంటే సాఫ్ట్‌వేర్ కోచింగ్ అని దేశమంతా తెలుసు. మేడమ్‌కి ఇది తట్టలేదు, వెనక బెంచీ నుంచి అరిచి చెప్పాల్సి వచ్చింది.

సదుపాయాలు అంతంత మాత్రం. ఏసీ ఉంది, పని చేయదు. ఎదురు బిల్డింగ్‌లో జావా క్లాసు మైకు మా క్లాసులోకే వస్తుంది. కారుతో వస్తే పార్కింగ్ దొరకదు, మెట్రోలో రండి.

ఆఫీసు మనుషులతో పనిపడే డ్రైవర్లు, రిసెప్షన్‌లో చేసేవాళ్లు, ఇంటర్వ్యూలకి తయారయ్యే పిల్లలు చేరొచ్చు. టీవీలో ఇంగ్లీష్ వార్తలు అర్థం చేసుకునేవాళ్లకి దండగ. చేరే ముందు ఆ మేడమే చెబుతారా అని కౌంటర్‌లో గట్టిగా అడగండి, కాదంటే వద్దు. మొదటి క్లాసు ఎగ్గొట్టినా నష్టం లేదు. ఫీజులో 500 తగ్గిస్తారు, కానీ అడిగితేనే.