కాటా చీటీ ఎన్నాళ్లు ఉంచాలి: ఎస్3 లైఫ్‌సైకిల్ రూల్స్‌తో మా అనుభవం

చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. జూన్, జూలై వస్తే మా గేటు ముందు తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా వరుసలో నిలబడి ఉంటాయి. ఒక్కో లోడుకు ఒక కాటా చీటీ, ఒక ఫొటో, ఒక చెల్లింపు ఎంట్రీ. ఆ వెనకే ల్యాబ్ రిపోర్టులు, ఈ-వే బిల్లులు, చెన్నై పోర్టుకు పోయే డ్రమ్ముల కాగితాలు. వీటిలో ఏది ఎన్నాళ్లు చేతికి అందేలా ఉండాలి, ఏది ఎప్పుడు అటక ఎక్కాలి అని చూసుకోవడానికి 2025 జనవరి నుంచి అమెజాన్ ఎస్3లోని లైఫ్‌సైకిల్ రూల్స్ వాడుతున్నాం. ఎస్3 అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి అమెజాన్ అద్దెకిచ్చే చోటు, ఏ ఫైలు ఎప్పుడు ఎక్కడికి పోవాలో దానికి ముందే చెప్పిపెట్టేవి ఈ రూల్స్. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను.

అంతకుముందు అన్నీ బీరువాలో ఒక హార్డ్ డిస్కులో ఉండేవి. ఒకసారి అది నిండిపోతే, కంప్యూటర్ పనికి వచ్చే అబ్బాయికి కాస్త ఖాళీ చేయమని చెప్పాం. ఒక ఏడాది ల్యాబ్ ఫోల్డరు మొత్తం తీసేశాడు. తప్పు అతనిది కాదు. ఖాళీ చేయమన్నాం గానీ ఏది ముట్టుకోకూడదో ఎక్కడా రాసిపెట్టలేదు.

ఎస్3లో పని తేలికే. ఏ ఫోల్డరు, ఎన్ని రోజులు, తర్వాత ఎక్కడికి అని ఒక్కసారి చెబితే, ఫైళ్లు వాటంతట అవే తక్కువ ఖర్చు నిల్వలోకి పోతాయి. అన్నిటికన్నా చవకైనది గ్లేసియర్ డీప్ ఆర్కైవ్. అందులో వేసిన ఫైలును వెనక్కి అడిగితే మామూలు పద్ధతిలో 12 గంటల లోపు, ఇంకా చవక పద్ధతిలో 48 గంటల లోపు వస్తుంది. 180 రోజులకు ముందే తీసేసినా ఆ 180 రోజుల డబ్బు కట్టాల్సిందే. కాబట్టి రేపోమాపో అడుగుతారన్న కాగితాన్ని అక్కడ పెట్టకూడదు.

మేం దెబ్బతినబోయింది రోజుల లెక్క దగ్గర. ఫైలు ఎక్కించిన రోజు నుంచే ఎస్3 రోజులు లెక్కపెడుతుంది. 2019 బిల్లును 2025 జనవరిలో ఎక్కిస్తే, దాని లెక్కలో అది ఆ రోజు పుట్టినట్టే. అన్నిటికీ కలిపి ఎనిమిదేళ్ల తర్వాత తీసేయమని ఒకే రూలు పెట్టి ఉంటే, ఆ బిల్లు 2033 దాకా కూర్చునేది. మన ఆర్థిక సంవత్సరం సంగతి దానికి తెలియదు. అందుకే ఏ ఏడాదికి ఆ ఏడాది ఫోల్డరు పెట్టి, దేనికెన్ని రోజులో క్యాలెండరు ముందేసుకుని లెక్కగట్టాను. రెండు ఆదివారాలు పట్టింది. ఈ సేవ వాడే పనంతా నిజానికి ఇక్కడే ఉంది.

ఎన్నేళ్లన్నది మా ఆడిటర్ సార్‌తో కూర్చుని రాసుకున్నాం. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. అంటే 2021-22 లెక్కలు 2028 డిసెంబరు 31 దాకా. మాది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి 2013 కంపెనీల చట్టం కింద లెక్కల పుస్తకాలు, వాటి వోచర్లు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉండాలి. రెండింటిలో ఎక్కువ కాలమే మాకు లెక్క. ల్యాబ్ రికార్డులకు ఆహార భద్రత నిబంధన వేరు: ఒక ఏడాది, లేదా సరుకు నిల్వ ఉండే కాలం, ఏది ఎక్కువైతే అది.

నోటీసో అప్పీలో నడుస్తున్న ఏడాది కాగితాలు కదలకూడదు. అయితే ఈ ఫోల్డరును వదిలేయమని రూలుకు చెప్పే వీలు లేదు, దేన్ని పట్టుకోవాలో మాత్రమే చెప్పగలం. అందుకని పాతబడిన ఫైళ్లకు ఒక ట్యాగ్, అంటే ఒక గుర్తు, తగిలించి, ఆ ట్యాగ్ ఉన్నవాటికే రూలు పెట్టాను. నోటీసు వస్తే ట్యాగ్ తీసేస్తాను, అది అక్కడే ఆగిపోతుంది. ఒక స్టారు తగ్గించింది ఈ చుట్టుదారి వల్లే.

ఇంకో చిక్కు చిన్న ఫైళ్లది. 128 కేబీ కన్నా చిన్నవాటిని మనం ప్రత్యేకంగా చెప్పకపోతే రూలు కదిలించదు. మా కాటా చీటీల స్కాన్లు చాలావరకు అంతకన్నా చిన్నవే. ఇప్పుడు ఏ రోజు చీటీలు ఆ రోజు ఒక జిప్‌గా, అంటే అన్నీ కలిపి ఒకే ఫైలుగా, కడుతున్నాం.

2025 సీజనులో తోతాపురికి కిలో 12 రూపాయలు అన్నారు. ఫ్యాక్టరీ 8 ఇస్తే ప్రభుత్వం 4 ఇచ్చే లెక్క. అంటే ఒక్క చీటీ తప్పిపోతే రైతుకు రెండు వైపులా నష్టం. నవంబరులో జీడీ నెల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. "మూడో ట్రిప్పు దుడ్డు పడలేదు మేడమ్" అంటూ పాసు పుస్తకం మధ్యలోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. కాటా మిషను కాగితం కదా, అచ్చంతా ఎగిరిపోయి తెల్లగా ఉంది. మూల మీద పెన్నుతో రాసిన ట్రాక్టరు నంబరు ఒక్కటే కనబడుతోంది. ఆ నంబరు, ఆయన చెప్పిన తేదీ పట్టుకుని ఆ రోజు జిప్ తెరిచాను. ఐదు నిమిషాల్లో చీటీ దొరికింది, బరువు కూడా స్పష్టంగా ఉంది. మా జాబితాలోనే ఆ వరుస తప్పిపోయింది. అదే డీప్ ఆర్కైవ్‌లో ఉండుంటే ఆ పెద్దాయన మర్నాడు మళ్లీ బస్సెక్కి రావాల్సి వచ్చేది. సీజను చీటీలను మరుసటి సీజను పూర్తయ్యేదాకా కదపకూడదని ఆ సాయంత్రమే రూలు మార్చాను.

తీసేసే రూలు మాత్రం రెండింటికే పెట్టాను. ఒకటి సీసీ కెమెరా వీడియోలు, 30 రోజులకు. రెండోది సీజను కూలీల ఆధార్ కాపీలు. కూలి లెక్క తేలి, చట్ట ప్రకారం వాటితో పని అయిపోయాక ఒక్క రోజు కూడా మా దగ్గర ఉండడం నాకు ఇష్టం లేదు. వాళ్లు మమ్మల్ని నమ్మి ఇచ్చినవి. 2023 డేటా రక్షణ చట్టం ఉద్దేశం కూడా అదే. మిగతావాటిని తీసేసే పని యంత్రానికి అప్పజెప్పలేదు. ఏటా జనవరి మొదటి వారంలో ఆడిటర్ సార్, నేను జాబితా ముందు పెట్టుకుని, గడువు దాటిన ఫోల్డరును ఒక్కొక్కటే తెరిచి చూసి, ఇద్దరం సంతకం పెట్టాకే తీసేస్తాం.