ఎలుక పీయూష గ్రంథిపై వాడిన ఒక ఏసీటీహెచ్ ఎలైసా కిట్: కొనేముందు చూసుకోవలసినది

ఎలుకల పీయూష గ్రంథిలో ఏసీటీహెచ్‌ను (అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే హార్మోను) కొలవడానికి మా ప్రయోగశాల 96 గుంటల ఎలైసా (యాంటీబాడీల సాయంతో పదార్థాన్ని కొలిచే పరీక్ష) కిట్‌లు రెండు తెప్పించుకుంది. ఇది ఒకే యాంటీబాడీతో, పోటీ పద్ధతిలో పనిచేసే రకం.

పీయూష గ్రంథి ముందు భాగమైన పూర్వ లంబిక సారంతో కిట్ పనితీరుకు వంక పెట్టలేము. ప్రామాణిక రేఖ సాఫీగా వచ్చింది, జంట గుంటల అంకెలు దగ్గరగా ఉన్నాయి, ఏసీటీహెచ్‌ను తగ్గించే డెక్సామెథసోన్ మందు ఇచ్చిన ఎలుకల్లో విలువలు అనుకున్నట్టే తగ్గాయి. ఏసీటీహెచ్ గాజుకు అంటుకుపోతుంది కనుక ప్లాస్టిక్ గొట్టాలే వాడాలని కరపత్రంలో స్పష్టంగా రాయడం కూడా మెచ్చుకోదగినదే.

చిక్కంతా మధ్య లంబిక దగ్గర వచ్చింది. ఎలుకలో దానిని వెనుక లంబిక నుంచి విడదీయడం కష్టం కాబట్టి రెండింటినీ కలిపే తీస్తాము. ఆ సారంలోనూ ఏసీటీహెచ్ దండిగా ఉన్నట్టు కిట్ చూపింది. అది నమ్మదగిన ఫలితం కాదు. రెండు లంబికల్లోనూ మూలపదార్థం ప్రో-ఓపియోమెలనోకార్టిన్ ఒక్కటే అయినా, దానిని కోసే తీరు వేరు. పూర్వ లంబికలో పీసీ1 ఎంజైము కోత 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్ దగ్గర ఆగుతుంది. మధ్య లంబికలో పీసీ2 అనే మరో ఎంజైము కూడా ఉండటం వల్ల ఆ ఏసీటీహెచ్ మళ్లీ తెగి, మొదటి 13 అమైనో ఆమ్లాల భాగం తర్వాతి మార్పులతో ఆల్ఫా-ఎమ్‌ఎస్‌హెచ్ అనే హార్మోనుగానూ, 18 నుంచి 39 వరకు ఉన్న భాగం క్లిప్ అనే పెప్టైడుగానూ తయారవుతాయి. ఈ కిట్‌లోని యాంటీబాడీ పట్టుకునేది ఏసీటీహెచ్ చివరి భాగాన్ని. అదే వరుస క్లిప్‌లోనూ ఉంది కనుక, క్లిప్‌ను ఏసీటీహెచ్‌గా లెక్కకట్టింది. సారాన్ని హెచ్‌పీఎల్‌సీతో (మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే పద్ధతి) విడదీసి ఒక్కొక్క భాగాన్నీ అదే కిట్‌తో కొలిచాక గానీ ఈ సంగతి మాకు తేలలేదు. మూడు వారాలు పోయాయి.

కరపత్రంలోని పట్టికలో ఆల్ఫా-ఎమ్‌ఎస్‌హెచ్‌తో, అదే మూలపదార్థం నుంచి వచ్చే బీటా-ఎండార్ఫిన్‌తో చర్య లేదని రాశారు. అది నిజమే, కానీ క్లిప్ ప్రస్తావనే లేదు. యాంటీబాడీ ఏ భాగానికి అంటుకుంటుందో తెలుసుకోవడానికి రెండుసార్లు లేఖ రాయవలసి వచ్చింది. వయోజనులైన మనుషుల్లో మధ్య లంబిక నామమాత్రమే కాబట్టి ఈ లోపం అక్కడ ఇంతగా బయటపడకపోవచ్చు. ఎలుకలపై వాడమని అమ్మే కిట్‌కు ఆ సాకు చెల్లదు.

మధ్య లంబికపై పని ఉన్నవారు ఏసీటీహెచ్ రెండు కొసలనూ వేర్వేరు యాంటీబాడీలతో పట్టే కిట్‌ను ఎంచుకోవడం మేలు. మేము రెండవ కిట్‌ను పూర్వ లంబిక నమూనాలకే కేటాయించి, మధ్య లంబిక కోసం ఆల్ఫా-ఎమ్‌ఎస్‌హెచ్ కిట్‌ను విడిగా తెప్పించుకున్నాము.