హైపోస్పాడియాస్ ఆపరేషన్ ‘ప్యాకేజీ’ అంటే అడ్వాన్స్ కట్టకండి, ముందు ఇది చదవండి

మగపిల్లాడికి హైపోస్పాడియాస్ (పుట్టుకతోనే మూత్రం రంధ్రం అంగం చివర కాకుండా కింది వైపున ఉండటం) ఉందని ఈ మధ్యే తెలిసిన తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ముఖ్యంగా ఇంకా డబ్బు కట్టని వాళ్ళ కోసం. మేము కట్టేశాం, పోగొట్టుకున్నాం. డబ్బు ఒక్కటే అయితే ఇంత పొడుగు పోస్టు రాసేదాన్ని కాదు.

మా బాబు పుట్టిన రోజే పిల్లల డాక్టర్ గారు చూసి చెప్పారు. మూత్రం వచ్చే రంధ్రం అంగం చివర ఉండాల్సింది, మా వాడికి కింది వైపున, మధ్యలో ఉంది. అంగం కాస్త కిందికి వంగి ఉంది. ముందరి చర్మం పైన టోపీలా ఉంది కానీ కింద లేదు. సుమారు 250 మంది మగపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుందట. వృషణాలు రెండూ సంచిలో ఉన్నాయో లేదో తడిమి చూశారు. లేకపోతే హార్మోన్లు, క్రోమోజోములు కూడా పరీక్ష చేయించాల్సి వచ్చేదట. తొందరేమీ లేదు, ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్యలో చేయిస్తే సరిపోతుందన్నారు. అప్పటిదాకా ముందరి చర్మాన్ని ఎవరి చేతా కోయించొద్దని మాత్రం గట్టిగా చెప్పారు. ఆపరేషన్‌లో కొత్త మూత్రనాళం కట్టేటప్పుడు ఆ చర్మమే పనికొస్తుంది. సున్తీ చేయించే ఇళ్ళవాళ్ళు ఈ ఒక్క మాట మర్చిపోవద్దు.

ఆ డాక్టర్ గారి మాట విని నెమ్మదిగా అందరినీ అడిగి ఉంటే బాగుండేది. కానీ మా ఇంట్లో అడిగే పరిస్థితి లేదు. మా అత్తగారు "గ్రహణం పూట బయటికి వచ్చి ఉంటావు, గుర్తు తెచ్చుకో" అని నెల రోజులు నా వెంట పడ్డారు. కడుపుతో ఉన్నప్పుడు మన దగ్గర కనిపించే గ్రహణమే రాలేదని పంచాంగం తెచ్చి చూపిస్తే, అప్పుడు మా పుట్టింటి వైపు తిరిగారు. ఊళ్ళో తెలుస్తుందని బాబుకి నీళ్ళు పోసే ఆవిడని మాన్పించేశాను. ఎవరైనా ఎత్తుకుంటే డైపర్ తడిసిందేమోనని గుండె దడ. ఆ దాపరికమే మా కొంప ముంచింది. పక్కింటివాళ్ళని అడగలేని విషయాన్ని మనిషి ఫోన్‌లో వెతుకుతాడు. మేమూ అదే చేశాం.

వెతికిన మర్నాడే ఓ ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది డాక్టర్ కాదు, ‘కౌన్సెలర్’. చాలా తీయగా మాట్లాడింది. ఒకే సిట్టింగ్, రెండు రోజుల్లో డిశ్చార్జ్, నూటికి నూరు శాతం గ్యారంటీ, ప్యాకేజీ 95 వేలు, ఈ రోజే బుక్ చేస్తే 10 వేలు తగ్గింపు. మా ఆయన ఆ సాయంత్రమే 40 వేలు పంపేశారు. చీరల షాపులో కూడా ఇంత తొందరగా డబ్బు తీసే మనిషి కాదు.

ఆపరేషన్ నాటికి బాబుకి 11 నెలలు. బోర్డు మీద ఫొటో ఉన్న డాక్టర్ గారిని అంతకుముందు ఏడెనిమిది నిమిషాలు చూశాం. ఆపరేషన్ చేసింది ఆయన కాదు. ఆ సంగతి డిశ్చార్జ్ కాగితం మీద పేరు చూశాక తెలిసింది. అడిగితే "మాది టీమ్ అమ్మా" అన్నారు. ఆ టీమ్‌లో చేసినాయన పెద్దవాళ్ళకి హెర్నియాలు, అపెండిక్స్‌లు చేసే జనరల్ సర్జన్. సంతకాలు పెట్టించుకున్న కాగితాల మీద కూడా ఆయన పేరు లేదు. పేరు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది. మేము చూసుకోలేదు.

బిల్లు 1 లక్షా 52 వేలు. మత్తు డాక్టర్ ఫీజు ప్యాకేజీలో లేదట. మందులు లేవట. మూత్రం కోసం లోపల పెట్టే సన్నని ట్యూబు కూడా లేదట! మరి ప్యాకేజీలో ఉన్నదేమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. పుట్టుకతో వచ్చిన, బయటికి కనిపించే లోపం అని రాసి క్లెయిమ్ తిప్పి పంపారు. చాలా పాలసీల్లో ఈ మినహాయింపు ఉంటుంది. కొన్ని కంపెనీ గ్రూప్ పాలసీలు ఇస్తాయి. అడ్మిట్ కాకముందే అడిగి, మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. ‘అయిపోతుంది మేడం’ అని ఆసుపత్రి డెస్క్ వాళ్ళు చెబితే నమ్మకండి. ఆరోగ్యశ్రీలో, అదే ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, ఈ ఆపరేషన్ ఉంది. కార్డు ఉన్నవాళ్ళు ముందు అది కనుక్కోండి. హైదరాబాద్ నీలోఫర్‌లో, గుంటూరు పెద్దాసుపత్రిలో పిల్లల సర్జరీ విభాగాలు ఉన్నాయి. క్యూ ఎక్కువే. కానీ ఈ ఆపరేషన్‌కి కొన్ని నెలలు ఆగితే నష్టం లేదు.

ఇంటికి వచ్చిన మూడో రాత్రి ట్యూబు ఊడిపోయింది. వారం ఉండాల్సింది. పిల్లాడు ముక్కి ముక్కి ఏడుస్తున్నాడు, డైపర్ మార్చబోతే చేతిలోకి వచ్చేసింది. ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే "సోమవారం తీసుకురండి" అంది. ఆ రోజు శుక్రవారం. మూత్రాశయం పట్టేసి నొప్పి వస్తుందని, దానికి మందు ఉందని, రెండు డైపర్ల పద్ధతి ఉందని మాకు ఒక్కరూ చెప్పలేదు. తర్వాత ఇంకో చోట ఒక నర్సమ్మ చూపించింది. లోపలి డైపర్‌కి ముందు చిన్న రంధ్రం చేసి ట్యూబుని దాంట్లోంచి బయటికి తీస్తారు. మలం లోపలి డైపర్‌లో, మూత్రం పైదాంట్లో. ట్యూబు లాగుడు పడదు, గాయానికి మలం అంటదు. చూపించడానికి రెండు నిమిషాలు పట్టింది. దీనికోసమా మేము మూడు రాత్రులు పిల్లాణ్ణి చేతుల మీద పెట్టుకుని కూర్చున్నది అనిపించింది.

వాపు తగ్గాక చూస్తే మూత్రం రెండు ధారలుగా వస్తోంది. ఒకటి చివరనుంచి, ఇంకోటి మధ్యలోంచి. దాన్ని ఫిస్టులా అంటారు, అంటే కుట్టిన నాళానికి పడ్డ చిల్లు. చిల్లు పడినందుకు నా కోపం కాదు. ఎంత మంచి సర్జన్ చేసినా కొందరికి ఇలా అవుతుంది, ముందే చెప్పి ఉంటే మేమూ తట్టుకునేవాళ్ళం. నూరు శాతం గ్యారంటీ అన్నవాళ్ళు, ఆరు వారాల్లో మళ్ళీ చేసేద్దాం, కొత్త ప్యాకేజీ 60 వేలు అన్నారు చూడండి, కోపం దానికి. పిల్లల సర్జరీలో ఎం.సీహెచ్. (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేసిన డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే "ఎవరన్నారమ్మా ఆరు వారాలని? కనీసం ఆరు నెలలు ఆగాలి, చర్మం మెత్తబడాలి" అన్నారు. మొదటిసారి చేసేటప్పుడే కణజాలం బాగుంటుందనీ, ప్రతి ఆపరేషన్‌కీ మచ్చ పెరిగి పని కష్టమవుతుందనీ బొమ్మ గీసి చెప్పారు. రంధ్రం మరీ కిందికి ఉండి వంపు ఎక్కువుంటే కావాలనే రెండు విడతలుగా చేస్తారట. అలాంటి వాళ్ళకి కూడా ‘ఒకే సిట్టింగ్’ అమ్ముతుంటే ఏమనాలి?

కాబట్టి డబ్బు తీసే ముందు మొహమాటపడకుండా అడగండి. కత్తి పట్టేది ఎవరు, ఆయన పేరు కన్సెంట్ కాగితం మీద రాయిస్తారా? ఇవి ఏడాదికి ఎన్ని చేస్తారు? అందులో ఎందరికి చిల్లు పడింది? పడితే ఖర్చు ఎవరిది? మత్తు ఇచ్చేవాళ్ళు పసిపిల్లలకి అలవాటున్నవాళ్ళేనా? రాత్రి ట్యూబు ఊడితే ఏ నంబర్‌కి ఫోన్ చేయాలి, ఎత్తేది డాక్టరేనా? మా రెండో డాక్టర్ గారు వీటన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పారు. తన దగ్గర కూడా చిల్లులు పడతాయనీ ఒప్పుకున్నారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

బాబుకి 20 నెలలప్పుడు ఆయనే సరిచేశారు. నొప్పి తెలియకుండా నడుం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి లేచాక మొదటిసారిలా గుక్కపట్టి ఏడవలేదు. ఇప్పటికి నాలుగు నెలలు, ఒకటే ధార. ఇంకా చూస్తూ ఉండాలన్నారు. ధార సన్నబడినా, ముక్కుతూ పోసుకున్నా వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆ రెండో ఆపరేషన్‌కి ముందు, మొదటిసారి ఏం చేశారో రాసిన ఆపరేషన్ నోట్ కావాలన్నారు. పాత ఆసుపత్రి వాళ్ళు మూడుసార్లు తిప్పారు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆ మాట రాసి, అందినట్టు స్టాంపు వేయించుకున్నాక కదిలారు. 1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి బిల్లు సంగతి కూడా నమోదు చేయించాను. వచ్చిన నోట్ అరపేజీ. ఏ పద్ధతిలో చేశారో లేదు, ఎంత సైజు ట్యూబు పెట్టారో లేదు. డాక్టర్ గారు చదివి, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశారు.